ప్రదక్షిణ చేయని పాపం

మళ్లీ చెట్ల గోలేనా అని విసుక్కోకండి. ఈసారి చెట్టు మనది కాదు, న్యూజెర్సీది. అమ్మాయి ఇంటి పక్క పార్కులో ఉంది. నేనూ మనవరాలూ చేతులు చాచి పట్టుకున్నా మానును చుట్టలేకపోయాం. కింద రాలిన ఆకు ఒకటి తీశాను. అటూ ఇటూ లోతుగా చీలిన తమ్మెలు, ఒక్కదాని కొసా ముల్లులా లేదు, అన్నీ గుండ్రమే. కొసన ముల్లుంటే రెడ్ ఓక్ తెగ, లేకపోతే వైట్ ఓక్ తెగ. "వైట్ ఓక్! 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ క్వెర్కస్ ఆల్బా అన్నది దీన్నే" అని తీర్పిచ్చేశాను.

మనవరాలు ఇంకో ఆకు ఏరి ఫోనుకి చూపించింది. "తాతయ్యా, స్వాంప్ వైట్ ఓక్ అంటోంది."

ఒళ్లు మండింది. ఆకు చదవడం వస్తే ఫోనెందుకని ఈ కాలమ్‌లోనే ఎన్నిసార్లు దెప్పానో మీకు తెలుసు. తీరా చూస్తే ఆ ఆకు నిజంగానే వేరేలా ఉంది. చీలికల్లేవు, అంచు అలలు తిరిగిందంతే.

మా ఊళ్లో ఒక వడ్రంగి తాత ఉండేవాడు. నాగలికో బండికో కర్ర కావాలంటే ఆయన వెంట వాగు గట్టుకి వెళ్లేవాళ్లం. ఏరుమద్దికీ నల్లమద్దికీ ఆకులు చూస్తే అన్నదమ్ముల పోలిక. రెండింటి కాయలకీ అయిదేసి రెక్కలు. నేను ఆకు కోసి పేరు చెప్పబోతే కసిరేవాడు. "ఆగరా, తొందరేంటి?" చెట్టు చుట్టూ పూర్తిగా తిరిగేవాడు. బెరడు తడిమేవాడు. తెల్లగా నునుపుగా ఉండి పొరలూడితే ఏరుమద్ది. మొసలి వీపులా పలకలు పగిలితే నల్లమద్ది. గోటితో గీరి వాసన చూసేవాడు, పైకి చూసేవాడు, నీళ్లెంత దూరమో చూసేవాడు. అప్పుడు గానీ నోరు విప్పేవాడు కాదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఆకు ఒక్కటే కాబోలు.

సరే, ఈ చెట్టు చుట్టూ కూడా తిరిగాం. ఎండ తగిలే కొమ్మల ఆకులకు లోతైన చీలికలు. నీడలో ఉన్న కింది కొమ్మవి వెడల్పుగా, చీలీ చీలనట్టు. రెండూ ఒకే చెట్టువే! వెనక్కి తిప్పితే పాలిపోయిన రంగు, నూగు లేదు. స్వాంప్ వైట్ ఓక్ అయితే మఖమల్‌లా తగలాలి. దాని కాయ పొడుగాటి కాడకు వేలాడుతుంది, ఇక్కడ కొమ్మకే అంటిపెట్టుకుని ఉంది. బెరడు బూడిద రంగు పెచ్చులు, ఒక అంచు లేచి.

పేరు నాదే నెగ్గింది. సంబరం మాత్రం కలగలేదు. ముందు ఆ నీడాకు నా చేతికొచ్చి ఉంటే, లిన్నేయస్‌ని వదిలేసి అంతే ధీమాగా స్వాంప్ అనేవాణ్ణి. నేనూ ఆ ఫోనూ ఒకే బళ్లో చదువుకున్నాం.

ఇంతలో ఒక బూడిద ఉడత దిగింది. రెడ్ ఓక్ కాయ వసంతం దాకా మొలవదు, దాన్ని ఉడత అలాగే పాతిపెడుతుంది. వైట్ ఓక్ కాయ రాలగానే వేరు దించుతుంది, అందుకే చాలాసార్లు మొలక కొరికేసి మరీ దాస్తుంది.

కాయని రెండు చేతులా పట్టుకుని, గిర్రున తిప్పి, వాసన చూసి, కొస కొరికి ఉమ్మింది.

"దానికెలా తెలిసింది తాతయ్యా?" అంది మనవరాలు.

"చూశావుగా, ముందు తిప్పి చూసింది" అన్నాను.