గిటార్‌కు కుట్టిన ఫాల్

చీర అంచు అందం కోసం. ఆ అంచు నేలకు రాసుకుని చిరగకుండా లోపల కుట్టించే ఫాల్ సంగతి వేరు. గిటార్ ఒంటి చుట్టూ తెల్లగానో నల్లగానో కనిపించే సన్నని ప్లాస్టిక్ పట్టీని, అంటే బైండింగ్‌ని, చూసేవాళ్లు అంచు అనుకుంటారు. చేత్తో గిటార్ చేసేవాళ్లకు అది ముందు ఫాల్, తర్వాతే అంచు.

ముందుపలక స్ప్రూస్ చెక్క. మందం 3 మిల్లీమీటర్ల లోపే. అది పక్కచెక్కలను కలిసే చోట కోసిన పోగుల నోళ్లు తెరుచుకుని ఉంటాయి. తేమ పీల్చేది అక్కడే, బల్లకు తగిలితే పెచ్చు లేచేదీ అక్కడే. పట్టీ ఆ నోళ్లు మూసి, దెబ్బ తాను కాస్తుంది.

పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో మార్టిన్ కంపెనీ ఖరీదైన గిటార్లకు 1918 దాకా ఏనుగు దంతమే చుట్టింది. తర్వాత వచ్చింది ఐవరాయిడ్: దంతంలోని సన్నగీతలతో సహా అనుకరించిన సెల్యులాయిడ్. అందులో కర్పూరం ఉంటుంది కనుక గీకుతుంటే పూజగది వాసనొస్తుంది. నిప్పు తగిలితే కర్పూరంలాగే భగ్గుమంటుంది కూడా. ఇప్పుడు ఏబీఎస్ ప్లాస్టిక్ కూడా వాడుతున్నారు. దానికి ఆ వాసనా లేదు, ఆ భయమూ లేదు.

పట్టీ అంటించడం కంటే అది కూర్చునే గాడి తీయడమే కష్టం. వెనుకపలకకు కొద్దిగా ఉబ్బు ఉంటుంది. గాడి కోసే రౌటర్ వెడల్పాటి అడుగు దానిమీద ఆనితే యంత్రం వాలుతుంది, గాడి వంకర పోతుంది. అందుకే బిట్ చుట్టూ చిన్న కడియంలాంటి ఆనిక బిగించి, రౌటర్ పక్కచెక్క వెంబడి నిటారుగా నడిచేలా చూస్తారు. ఇంకో చిక్కు: స్ప్రూస్ పోగు తిన్నగా పోతుంది, గిటార్ మాత్రం వంపులు తిరుగుతుంది. పోగుకు ఎదురెళితే ఒక్క క్షణంలో చెక్క చీలి లేస్తుంది. కాబట్టి ఒకే చుట్టులో కోయరు. వెడల్పు చోట మొదలుపెట్టి నడుము వైపుకు ఒకసారి, మళ్లీ అక్కడి నుంచే కొస వైపుకు ఒకసారి కోస్తారు. అప్పటిదాకా చేసిన పని పాడయ్యేదీ, నిలిచేదీ ఇక్కడే.

పట్టీ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లయితే, గాడి వెడల్పు వెంట్రుకంత తక్కువ తీస్తారు, బయటికి మిగిలినది తర్వాత గీకి చదును చేయడానికి. నడుము దగ్గర ప్లాస్టిక్ మొండికేస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి వంచుకోవాలి. అసిటోన్ ఉన్న జిగురు ప్లాస్టిక్ పైపొరను కరిగించి పట్టుకుంటుంది. అదే అసిటోన్ నల్లపట్టీ రంగును తెల్లని స్ప్రూస్‌లోకి పాకించగలదు కూడా, అందుకని ముందే షెల్లాక్ (లక్క) పూత వేసుకుంటారు. జానెడుకు నాలుగైదు టేపులు బిగించి, కనీసం ఒక రోజు ఆగాలి. తొందరపడి గీకి చదును చేస్తే, ద్రావకం ఆరాక పట్టీ కుంగి చెక్కకంటే కిందికి దిగుతుంది. టేపు ఊడదీసేటప్పుడు కూడా నెమ్మదిగా లాగాలి, లేదంటే స్ప్రూస్ పోగులు వెంట వచ్చేస్తాయి.

దశాబ్దాలు గడిస్తే సెల్యులాయిడ్ ముడుచుకుంటుంది. పొడవు తగ్గిన పట్టీ వింటినారిలా బిగిసి నడుము వంపు వదిలి బయటికొస్తుంది. నొక్కి అంటిస్తే నిలవదు. మరమ్మతు చేసేవాళ్లు దాన్ని అడుగునున్న అతుకు దాకా విప్పి, నడుము నుంచి మళ్లీ అంటించుకుంటూ వస్తారు. చివర వేలిగోరంత ఖాళీ మిగులుతుంది. అందులో కొత్త ముక్క పెడతారు. పాతది పసుపెక్కి ఉంటుంది కనుక, ఆ తెల్లముక్క ఎక్కడుందో తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.