రెండు సమోవాలు

ఒక దేశంలో మహమ్మారికి జనం పిట్టల్లా రాలిపోయి, పక్క దేశం బతికి బట్టకడితే మనం వెతికే కారణాలు ఎప్పుడూ ఉండేవే: వాతావరణం, తిండి, ఒంట్లోని రోగనిరోధక శక్తి, డబ్బు, జనసాంద్రత. కోవిడ్ రోజుల్లో స్వీడన్‌ను నార్వేతో, మనల్ని అమెరికాతో ఇలాగే పోల్చాం. వీటిలో దేని బరువు ఎంతో తేలాలంటే ఇవన్నీ ఇంచుమించు సమానంగా ఉన్న రెండు చోట్లు కావాలి. 1918 నాటి రెండు సమోవాలు అలాంటి జంట.

పసిఫిక్‌లో పక్కపక్కనే ఉన్న దీవులవి. ఒకే భాష, ఒకే తిండి, ఒకే ఎండ. అటూ ఇటూ చుట్టరికాలు. పడమటి దీవులను 1914లో జర్మనీ నుంచి న్యూజిలాండ్ సైన్యం లాక్కుంది. అక్కడి పాలకుడు కల్నల్ రాబర్ట్ లోగన్. తూర్పు దీవులు అమెరికా నౌకాదళానివి, గవర్నర్ జాన్ పోయర్. ఇద్దరూ సైనికాధికారులే, ఇద్దరినీ ప్రజలు ఎన్నుకోలేదు. కాబట్టి నియంతృత్వమా, ప్రజాస్వామ్యమా అన్న వాదనకూ ఇక్కడ చోటు లేదు.

1918 నవంబర్ 7న న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నుంచి ‘టలూన్’ అనే ఓడ పడమటి సమోవాలోని ఆపియా రేవుకు చేరింది. దారిలో ఫిజీ దాన్ని క్వారంటైన్‌లో పెట్టింది. ఆపియాలో ఏ కట్టడీ లేదు. జ్వరంతో ఉన్నవాళ్లు కూడా ఒడ్డుకు దిగారు. కొద్ది వారాల్లోనే సుమారు 8,500 మంది స్పానిష్ ఫ్లూకు బలయ్యారు. అంటే జనాభాలో 22 శాతం. ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచం పడితే గంజి కాచి పోసే మనిషి కూడా లేకపోయాడు. శవాలను చాపల్లో చుట్టి, లారీలకెత్తి, పెద్ద గోతుల్లో కలిపి పూడ్చారు.

అమెరికన్ సమోవాలో ఒక్కరు కూడా చనిపోలేదు.

పోయర్ రేడియోలో వస్తున్న వార్తలను పట్టించుకున్నాడు, వచ్చే ఓడలను ఆపాడు. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే మాట ఇదే. నాకు ఇది సగం మాటగానే తోస్తుంది. గవర్నర్ కాగితం మీద సంతకం పెట్టగలడు. అంత పొడవు తీరాన్ని రాత్రింబవళ్లు కాయాల్సింది ఊరివాళ్లు. పడమటి నుంచి పడవల్లో వచ్చేవాళ్లను, సొంత బంధువులైనా సరే, వెనక్కి పంపాల్సిందీ వాళ్లే. ఊరి పెద్దలు తమ పనిగా భావించకపోతే అలాంటి కాపలా వారం కూడా నిలవదు. లోగన్ మాత్రం పోయర్ ఇస్తానన్న వైద్య సాయాన్ని అందుకోలేదు. తమ టపా పడవను అటువైపు క్వారంటైన్‌లో పెడతామన్నందుకు కోపగించి రేడియో సంబంధాలు తెంచేశాడు. జనం చనిపోతున్న వేళ ఒక అధికారి పట్టింపు ఎంత ఖరీదైనదో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

తూర్పు దీవులు చిన్నవి, జనం 8,000 మందే, కాపాడటం తేలిక అనవచ్చు. అది కొంత నిజం. కానీ ఖండమంత ఆస్ట్రేలియా కూడా ఆ ఏడాది ఓడలను రేవుల్లోనే నిలిపింది. 50 లక్షల జనాభాలో అక్కడ పోయింది సుమారు 15,000 మంది. న్యూజిలాండ్‌లో 11 లక్షల చిల్లర జనంలో 9,000 మంది పోయారు, వారిలోనూ మావోరీల మరణాల రేటు తెల్లవారి కంటే ఏడెనిమిది రెట్లు. కనుక తప్పంతా లోగన్ మీదికి నెట్టడం సులువైన తీర్పు. తన రేవుల నుంచి జబ్బును బయటికి పోనిచ్చిన న్యూజిలాండ్ ప్రభుత్వానికీ అందులో వాటా ఉంది. 2002లో న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ సమోవా ప్రజలను క్షమాపణ కోరారు.

పడమటి సమోవాకు 1962లో స్వతంత్రం వచ్చాక కూడా ఈ తేడా మరో రూపంలో తిరిగొచ్చింది. ఈసారి పరాయి పాలకుణ్ని నిందించే వీల్లేదు. 2018లో నర్సులు తట్టు టీకా మందును పొరపాటున వేరే మందుతో కలపడంతో ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. టీకాలు నెలల తరబడి ఆగిపోయాయి, తల్లుల నమ్మకం విరిగిపోయింది. 2019లో తట్టు వచ్చి 83 మందిని తీసుకుపోయింది, ఎక్కువమంది ఐదేళ్లలోపు వాళ్లే. పిల్లల్లో ఎక్కువమందికి ముందే టీకాలు వేసిన అమెరికన్ సమోవాలో మరణాలు లేవు. ఆ డిసెంబర్‌లో సమోవా ప్రభుత్వం రెండు రోజులు ఆఫీసులు మూసి, టీకా పడనివాళ్లున్న ఇళ్ల ముందు ఎర్రగుడ్డ కట్టమని చెప్పి, ఇంటింటికీ మనుషుల్ని పంపింది. దాదాపు దేశమంతా టీకాలు పడ్డాయి. ఆ పని ఏడాది ముందు జరిగి ఉంటే ఆ పిల్లల్లో చాలామంది ఇప్పుడు బడిలో ఉండేవాళ్లు.