కౌసల్య నొప్పులు: కావ్యం దాటేసిన ఘట్టం

ప్రబంధ లక్షణాలు చదివే విద్యార్థికి అష్టాదశ వర్ణనల్లో కుమారోదయం ఒకటని తెలుసు. సూర్యోదయం, చంద్రోదయం వంటిదే ఇదీ. కవి చూపు ఉదయించే కుమారుడి మీద ఉంటుంది గాని కనే తల్లి మీద ఉండదు. వాల్మీకి బాలకాండలో రాముడు పుట్టే చోట చైత్ర నవమి, పునర్వసు నక్షత్రం, అయిదు గ్రహాల ఉచ్చస్థితి ఉన్నాయి. కౌసల్య నొప్పులు లేవు. రఘువంశం మూడో సర్గలో కాళిదాసు సుదక్షిణ పాలిపోయిన ముఖాన్ని, మన్ను వాసన వేసే నోటిని ఎంతో సున్నితంగా వర్ణించాడు. అయినా గర్భిణి అందం నుంచి కథ నేరుగా పుత్రజననానికి దాటుతుంది.

అలా దాటేసిన ఘట్టాన్ని పట్టుకొన్నవి స్త్రీల పాటలు. ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో ‘స్త్రీల రామాయణపు పాటలు’ ప్రకటించింది. వెల్చేరు నారాయణరావు 1991లో ఆంగ్లంలో వెలువరించిన వ్యాసంలో ఈ పాటల ప్రత్యేకతను విశ్లేషించారు. వీటిలో కౌసల్య వేవిళ్ళతో బాధపడుతుంది. నొప్పి ఓర్వలేనని నోరు విప్పి చెబుతుంది. మంత్రసాని కోసం కబురు వెళుతుంది. కప్పు నుంచి వేలాడదీసిన తాళ్ళు పట్టుకొని, నిలబడి ఆమె రాముణ్ణి కంటుంది.

ఈ పాటలను భక్తి సాహిత్యంగానో, జానపద వేడుకగానో చూసి ఊరుకోవడం చాలదని మా అభిప్రాయం. ఇవి ఒక తర్ఫీదు. పెద్దవాళ్ళు పాడుతుంటే పక్కన కూర్చున్న పెళ్ళికాని పిల్ల ఏది ముందు, ఏది వెనుక అన్నది వింటుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి ఆమెకు తెలుస్తుంది. మహారాణికైనా నొప్పి నొప్పే. దాన్ని పైకి చెప్పుకోవడం తప్పు కాదు. ఆ వేళ చుట్టూ ఆడవాళ్ళు ఉంటారు. శరీరం కంటె ముందు మనస్సు సిద్ధమవుతుంది.

ఆ సిద్ధపాటు మాటలతోనే జరుగుతుంది. ‘దౌహృదం’ అంటే రెండు హృదయాలు కలిగి ఉండడం. నాలుగో నెల గర్భిణిని సుశ్రుత సంహిత ఈ మాటతోనే చెప్పింది. దానికి సంబంధించిన ‘దోహదం’ మరాఠీలో ‘డోహాళే’ అయి, గర్భిణి కోరికలను చెబుతూ నేటికీ ఇళ్ళల్లో వినిపిస్తోంది. తెలుగులో మాత్రం ‘దోహదం’ తోడ్పాటు అనే అర్థానికి జరిగిపోయింది. ఇంటి మాటగా ‘వేవిళ్ళు’ నిలిచింది. అలాగే, మొదటిది, రెండోది అని లెక్కించేది కాన్పు. ఆ తరువాతి రోజులను, వాటి ఆచారాలను కూడా కలుపుకొన్నది పురుడు. నేడు ‘డెలివరీ’ అనే ఒక్క మాటలో రెండూ కలిసిపోయాయి. బెంగుళూరులో బయకె, బాణంతి అన్న మాటలు, హోసూరులో మసక్కై, వళైకాప్పు అన్న మాటలు రోజూ వినే మన విద్యార్థినికి వేవిళ్ళు, బాలింత, సూడిదలు అన్నవి కూడా తెలిసి ఉంటే, తన భయాన్ని అమ్మమ్మతో అమ్మమ్మ భాషలోనే చెప్పుకోగలుగుతుంది.

పాటల పరిమితులను దాచనక్కరలేదు. ఎదురుచూపంతా కొడుకు కోసమే. మంత్రసాని పిలిస్తే వస్తుంది, పురుడు పోస్తుంది. ఆమె కాన్పు మాత్రం ఏ పాటకూ ఎక్కదు. రాణివాసపు ఈ పాటలు అగ్రవర్ణాల ఇళ్ళలో పెరిగినవని మరువరాదు. పైగా పాట రక్తస్రావాన్ని ఆపలేదు; దానికి ఆసుపత్రి కావలసిందే. పాతకాలపు పురిటిగదిని స్వర్గంగా చిత్రించడం మా ఉద్దేశం కాదు.

అయితే 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రసవ సమయ సేవలపై ఇచ్చిన సిఫారసుల్లో రెండింటిని గమనించాలి. నొప్పుల వేళ స్త్రీ కోరుకొన్న తోడును ఉండనివ్వాలన్నది ఒకటి. ప్రమాద సూచనలు లేని స్త్రీని అటూ ఇటూ తిరగడానికి, నిటారుగా ఉండడానికి ప్రోత్సహించాలన్నది రెండోది. తాళ్ళు పట్టుకొని నిలబడ్డ కౌసల్యను మోటు కల్పనగా తీసిపారేసేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

బరంపురం, యానాం, షోలాపూరు తెలుగు ఇళ్ళలో ఇలాంటి పాటలు తెలిసిన వృద్ధురాళ్ళు ఉంటే మన విద్యార్థులు వారి దగ్గరకు వెళ్ళాలి. పాటతో పాటు అది ఎవరి కోసం, ఏ నెలలో, ఎవరెవరు కూడినప్పుడు పాడేవారో కూడా రాసుకోవాలి. ఆ వివరాలు లేకపోతే మనకు సాహిత్యం మిగులుతుంది గాని, అది ఎవరికి ధైర్యం చెప్పిందో తెలియకుండా పోతుంది.