నవ్విందెవరు?

తెలుగు దినపత్రికల్లో నేరవార్తలు రాసేవాళ్ళకి ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది – ‘క్షణికావేశంలో’. క్షణికావేశంలో భార్యని కొట్టి చంపాడు, క్షణికావేశంలో తమ్ముణ్ణి పొడిచాడు. విలేకరికి వ్యవధి ఉండదు, పత్రికలో జాగా ఉండదు. ఆ మాటతో సరిపెట్టుకున్నాడంటే అర్థం చేసుకోవచ్చు. కథకుడికి ఆ ఇబ్బంది లేదు. అయినా మన కథల్లో, ముఖ్యంగా ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మనం రాసుకునే కథల్లో, ఆ మాటే ఇంకా రాజ్యమేలుతోంది. ఉద్యోగం పోయిన మొగుడు, ఎదురుచెప్పిన పెళ్ళాం, చాచిపెట్టి కొట్టిన లెంపకాయ, ఆ తర్వాత కన్నీళ్ళు, పశ్చాత్తాపం, కిటికీ అవతల మంచు. కథ కంచికి, మనం ఇంటికి.

ఇలాంటి కథలు చాలా చదివాక నాకు మిగిలిన ప్రశ్న ఒకటే. ఆ క్షణం నిజంగా క్షణమేనా? అది క్షణమని మనకి చెప్పిందెవరు?

పరువు పోవడం గురించి మన భాషలో మాటలకి కరువు లేదు. తల కొట్టేసినట్టయింది. ముఖం చెల్లలేదు. తలెత్తుకోలేకపోయాను. నలుగురిలో నవ్వులపాలయ్యాను. వీటిని కాస్త పక్కపక్కన పెట్టి చూడండి. తల, ముఖం మనవి. నలుగురు మాత్రం బయటివాళ్ళు. నవ్వు కూడా వాళ్ళదే. ఎవరూ లేనిచోట కాలు జారి పడ్డవాడు లేచి బట్టలు దులుపుకుని వెళ్ళిపోతాడు. చూసేవాళ్ళుంటేనే అది అవమానం. కాబట్టి అవమానం గురించి రాసే కథలో మొట్టమొదట తేల్చుకోవలసింది, చూసింది ఎవరు, నవ్వింది ఎవరు అన్నది.

మయసభనే తీసుకుందాం. ఈ ఘట్టం మనలో చాలామందికి సినిమాల్లోంచి వచ్చింది. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ చూసిన తరానికి దుర్యోధనుడు నీళ్ళలో పడటం, ద్రౌపది నవ్వడం విడదీయలేని దృశ్యాలు. ద్రౌపది నవ్వబట్టే కురుక్షేత్రం జరిగిందని ఆడపిల్లలకి బుద్ధులు చెప్పే పెద్దలు మన ఇళ్ళల్లో ఉండేవారు. వ్యాసుడి సభాపర్వంలో మాత్రం, కథ చెప్పేవాడు తన గొంతుతో ఆ ఘట్టం చెప్పినప్పుడు, నవ్వినవాళ్ళు భీముడు, అర్జునుడు, కవలలు, అక్కడి సేవకులు. ద్రౌపది పేరు అక్కడ లేదు. ఆ తర్వాత హస్తినాపురంలో దుర్యోధనుడు తన గోడు తండ్రికి చెప్పుకుంటాడు. అప్పుడు కృష్ణుడూ నవ్వినవాళ్ళలో చేరతాడు, ఆడవాళ్ళతో కలిసి ద్రౌపదీ నవ్వుతుంది. అంటే ద్రౌపది నవ్వు మనకి తెలిసింది అవమానపడ్డవాడి నోటి నుంచి. మన సినిమాలు దుర్యోధనుడి వాఙ్మూలాన్నే నమ్మాయి. చివరికి జుట్టు పట్టి సభలోకి ఈడ్చుకొచ్చింది భీముణ్ణి కాదు, ఆమెని.

ఇందులో క్షణికమైనదేమీ లేదన్నది కూడా గమనించాలి. నవ్వుకీ జూదానికీ మధ్య ఇంటిదారి ప్రయాణం ఉంది, తిండి నిద్ర లేని చింత ఉంది, శకుని సలహా ఉంది, కొత్త సభాభవన నిర్మాణం ఉంది, ఆహ్వానం ఉంది. కోపం చల్లారడానికి బోలెడంత వ్యవధి దొరికింది. దాన్ని చల్లారనివ్వకుండా చూసుకున్న మనుషులూ దొరికారు.

ఇది మన పురాణాలకీ మన పల్లెలకీ పరిమితమైన జబ్బు అనుకుంటే, ఒంటారియోలో అటవా నగరానికి నైరుతిగా ఉన్న పెర్త్ అనే చిన్న ఊరి చరిత్ర చూడాలి. 1833 జూన్ 13న ఆ ఊళ్ళో టే నది ఒడ్డున ఇద్దరు న్యాయశాస్త్ర విద్యార్థులు పిస్తోళ్ళతో ఎదురెదురుగా నిలబడ్డారు. రాబర్ట్ లయన్, జాన్ విల్సన్ అని వాళ్ళ పేర్లు. ఎలిజబెత్ హ్యూజ్ అనే ఉపాధ్యాయురాలి గురించి లయన్ ఏదో తేలికమాట అన్నాడు. ఆ మాట అటూ ఇటూ ప్రయాణం చేసింది. చివరికి లయన్ నలుగురి ఎదుటా విల్సన్ మీద చెయ్యి చేసుకున్నాడు. ఇక విల్సన్‌కి ద్వంద్వయుద్ధానికి పిలవక తప్పలేదు. మొదటి విడత ఇద్దరి గుళ్ళూ గురి తప్పాయి. అంతటితో ఇద్దరి మర్యాదా దక్కింది, చేతులు కలుపుకుని ఇళ్ళకి వెళ్ళిపోవచ్చు. కానీ లయన్ పక్షాన మధ్యవర్తిగా వచ్చిన స్నేహితుడు ఒప్పుకోలేదు, ఇంకోసారి కాల్చుకోవాలని పట్టుబట్టాడు. రెండో విడతలో లయన్ చనిపోయాడు. ఇరవయ్యేళ్ళు కూడా నిండని కుర్రాడు. విల్సన్‌ని బ్రాక్‌విల్‌లో విచారించి నిర్దోషిగా వదిలేశారు. తర్వాత ఆయన అదే ఎలిజబెత్‌ని పెళ్ళి చేసుకున్నాడు, శాసనసభ్యుడయ్యాడు, న్యాయమూర్తీ అయ్యాడు. అప్పర్ కెనడాలో ప్రాణం తీసిన ఆఖరి ద్వంద్వయుద్ధంగా దాన్ని చెప్పుకుంటారు. ఆ ఊళ్ళో ఆ పేరుతో ఒక పార్కు కూడా ఉంది.

ఈ కథలో నన్ను పట్టుకున్నది రెండో గుండు. మొదటిది కోపానిది అనుకుందాం. రెండోది మాత్రం ప్రేక్షకులది. పల్నాటి కథలోనూ ఇంతే. ఓడింది కోడిపుంజే. చుట్టూ మూగిన జనం ముందు ఓడటం వల్ల అది ఒక రాజ్యం వనవాసానికి వెళ్ళవలసినంత ఓటమి అయింది.

ఈ ప్రేక్షకుల సంగతి శాస్త్రీయంగా పట్టించుకున్నవాడు కెనడాలోనే పుట్టాడు. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1922లో ఆల్బర్టాలో పుట్టి, మానిటోబాలో పెరిగి, టొరంటో విశ్వవిద్యాలయంలో డిగ్రీ పుచ్చుకున్నాడు. మనిషి ముఖం అతని దగ్గర ఉండదనీ, ఎదుటివాళ్ళ దగ్గర అప్పుగా ఉంటుందనీ, సరిగ్గా నడుచుకోకపోతే వాళ్ళు దాన్ని వెనక్కి తీసేసుకుంటారనీ 1955లో రాసిన వ్యాసంలో ఆయన చెప్పినదాని సారాంశం. ‘ముఖం చెల్లకపోవడం’ అనే మాట ఉన్న భాషవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. చెల్లేదీ చెల్లనిదీ నాణెం. అది చెల్లుతుందో లేదో చెప్పేది బజారు.

హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ 1988లో హత్యల మీద ఒక పుస్తకం రాశారు. అంతకు ముప్ఫై ఏళ్ళ క్రితం, 1958లో, మార్విన్ వుల్ఫ్‌గాంగ్ ఫిలడెల్ఫియాలో జరిగిన 588 హత్యల్ని పరిశీలించి, వాటిలో మూడో వంతుకి పైగా ‘అల్పమైన తగాదా’ వల్ల జరిగాయని లెక్క తేల్చాడు. భుజం తగలడం, ఒక తిట్టు, ఇలాంటివి. డేలీ, విల్సన్ ఆ ‘అల్పమైన’ అన్న మాటతోనే పేచీ పెట్టుకున్నారు. పోలీసులకి అల్పం కావచ్చు గానీ, తోటి మగవాళ్ళ ముందు తన స్థాయి ఏమిటో అక్కడే తేలిపోతుందనుకునేవాడికి అది అల్పం కాదన్నారు. అలా అన్నంత మాత్రాన వాళ్ళు హంతకుణ్ణి సమర్థించినట్టు కాదు. అతను లెక్కలోనే ఉన్నాడని, మతి తప్పలేదని చెప్పారు.

మరి చట్టం ఏమంటుంది? ఇంగ్లండులో 1707లోనే ఒక తీర్పు, ఏయే సందర్భాల్లో ఆవేశం హత్యానేరాన్ని తగ్గిస్తుందో జాబితా వేసింది. భార్యని పరపురుషుడితో చూడటం అందులో ఒకటి. మెకాలే పుణ్యమా అని ఆ ఆలోచన 1860 నాటి భారత శిక్షాస్మృతిలోకి వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహితలోనూ ఉంది. కెనడా నేరస్మృతి 232వ సెక్షన్ కూడా ఆ సంతతిదే. మామూలు మనిషి నిగ్రహం కోల్పోయేంతటి దుశ్చర్యో అవమానమో ఎదురై, కోపం చల్లారేలోగా హఠాత్తుగా చంపితే, అది హత్య కాదు, అంతకన్నా చిన్న నేరం.

ఎడ్మంటన్‌లో 2004లో ఒకడు, విడిగా ఉంటున్న భార్య ఇంటికి తన దగ్గరున్న తాళంచెవితో వెళ్ళి, ఆమెతో ఉన్న మనిషిని పొడిచి చంపాడు. మొదట విచారించిన న్యాయమూర్తి అది హఠాదావేశమే అన్నారు. 2010లో ట్రాన్ కేసుగా పేరుపడ్డ తీర్పులో కెనడా సుప్రీం కోర్టు కాదంది. ఆమె ఇంకొకరితో ఉంటోందని అతనికి ముందే తెలుసు. పైగా ఆ ‘మామూలు మనిషి’ ఎవరు? ఈ కాలపు సమానత్వ విలువలు తెలిసినవాడై ఉండాలి గానీ, భార్యని తన సొత్తనుకునే పాతకాలపు మగాడు కాకూడదంది. సాహిత్య విమర్శకుడికి కూడా పనికొచ్చే ప్రశ్న ఇది. మన కథల్లోని ‘మామూలు మనిషి’ ఎవరు?

2015లో పార్లమెంటు ఆ సెక్షన్‌ని ఇంకా బిగించింది. ఇక ఉత్త అవమానం చాలదు, చనిపోయిన మనిషి చేసిన పని అయిదేళ్ళో అంతకన్నా ఎక్కువో శిక్ష పడగల నేరమై ఉండాలంది. బ్రిటిష్ కొలంబియాలో ఒక న్యాయమూర్తి 2019లో ఈ సవరణ రాజ్యాంగానికి విరుద్ధమన్నారు కూడా. అయితే ఆ సవరణ తెచ్చిన చట్టానికి పెట్టిన పేరులో ‘అనాగరిక సాంస్కృతిక ఆచారాలు’ అన్న మాటలున్నాయి. ఆ పేరు నన్ను కష్టపెట్టింది. పరువు కోసం ప్రాణం తీయడం వలసవచ్చినవాళ్ళు పెట్టెల్లో సర్దుకుని తెచ్చిన ఆచారమైతే, టే నది ఒడ్డున జరిగిందేమిటి? 1707 జాబితా రాసిందెవరు?

అలాగని మనం చేతులు దులుపుకోవడానికీ లేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య పక్కన నడుస్తుండగా నరికి చంపారు. చంపించింది ఆమె తండ్రి. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కిరాయి మాట్లాడి, మనుషుల్ని పెట్టి చేయించిన పని అది. అయినా కడుపుకోత, తండ్రి మనసు, ఆవేశం అంటూ సానుభూతి చూపినవాళ్ళున్నారు. దుర్యోధనుడి వాఙ్మూలం నమ్మే అలవాటు ఇంకా మనల్ని వదలలేదు.

అవమానాన్నీ హింసనీ ఇంతకన్నా నిజాయితీగా చూపించిన కథ మనకి లేకపోలేదు. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ ఉంది. అప్పల్రాముడి అప్పు మీద పంచాయితీ పెడతారు. కథలో అధికభాగం ఆ పంచాయితీయే. ఊరంతా కూర్చుని వింటూంటుంది. శ్రీరాములునాయుడు ధర్మం మాట్లాడతాడు. అంతా అయ్యాక అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన పసిబిడ్డని చంపేస్తాడు. ఆ ముగింపు మీద దశాబ్దాలుగా వాదోపవాదాలు జరిగాయి. అది తిరుగుబాటా, నిస్సహాయతా అని. నాకు ముఖ్యమనిపించేది వేరు. ఆ దెబ్బ ఎక్కణ్ణించి వచ్చిందో చూపడానికి రామారావు గారు ఊరినంతటినీ కూర్చోబెట్టారు, రూపాయి రూపాయీ లెక్క చెప్పించారు. అందుకే చివర్లో ‘క్షణికావేశం’ అనే మాట మన నోటికి రాదు. ఇంకొక సంగతి కూడా దాచలేదు. కోపం నాయుడిది, చచ్చింది బిడ్డ. అవమానించినవాడి మీదికి వెళ్ళాల్సిన చెయ్యి, ఎదురు తిరగలేనివాడి మీద పడింది.

మన వలస కథల్లో దాగిపోతున్నది సరిగ్గా ఇదే. అక్కడ ఇంజనీరుగా చేసినవాడు ఇక్కడ గోడౌన్‌లో రాత్రిషిఫ్టు చేస్తాడు. తనకన్నా పదేళ్ళు చిన్నవాడైన సూపర్‌వైజరు పదిమందిలో మందలిస్తాడు. అప్పుడు ఆవేశం రాదు, ‘సారీ’ వస్తుంది. శనివారం ఎవరింట్లోనో విందులో, భార్య అతని ఇంగ్లీషు ఉచ్చారణ సరిదిద్దుతుంది, నలుగురూ సరదాగా నవ్వుతారు. తిరుగుప్రయాణంలో కారులో మాట ఉండదు. గరాజు తలుపు మూతపడ్డాక చెయ్యి లేస్తుంది. సూపర్‌వైజరు ముందు లొంగిన కోపం భార్య ముందు ఎందుకు లొంగలేదు? నిగ్రహం నిజంగా పోయిందా, లేక ఎక్కడ పోగొట్టుకోవచ్చో తెలిసి పోయిందా? తలుపు మూసేదాకా ఆగగలిగిన కోపాన్ని హఠాత్తు అనడం నాకు చేతకాదు.

ఆ తర్వాత ఆమె 911కి ఫోను చేయదు. ఇక్కడ పోలీసులు ఒకసారి వచ్చారంటే, కేసు పెట్టడం మానడం ఆమె ఇష్టం మీద ఆధారపడదు. తగిన ఆధారం కనిపిస్తే వాళ్ళే పెడతారు. 1980ల నుంచీ ఇక్కడి విధానం అది. కాబట్టి ఆమె ఆలోచిస్తుంది. వీధిలో పోలీసు కారు ఆగితే పక్కింటివాళ్ళు చూస్తారు, వచ్చే శనివారానికి తెలుగువాళ్ళందరికీ తెలుస్తుంది, వారం తిరక్కుండా అత్తవారి ఊరికి చేరుతుంది. చెయ్యి లేపించిందీ పరువే, నోరు నొక్కిందీ పరువే. మన కథలు మొదటి సగం రాసి ఆగిపోతున్నాయి.

కథకులకి సలహాలిచ్చే అర్హత నాకుందని కాదు గానీ, చదివేవాడిగా ఒక కోరిక ఉంది. లెంపకాయ దగ్గర కథ ముగించకండి. ఆ విందులో నవ్వినవాళ్ళ పేర్లు రాయండి. వాళ్ళలో ఎవరికి తెలిసీ ఊరుకున్నారో రాయండి. అతను ఎవరెవరి ముందు నోరు మూసుకున్నాడో రాయండి. ఆ తర్వాత అదే సాయంత్రాన్ని ఆమె ఎలా చెబుతుందో వినండి. బహుశా ఆమె అసలు నవ్వే ఉండదు.