నర్సుల లెక్క — ఒక పరిశోధనపై విమర్శ

నర్సుల సంఖ్యకూ రోగుల మరణాలకూ గల సంబంధాన్ని పరిశీలించిన వ్యాసాలలో లిండా ఐకెన్ బృందం 2002లో అమెరికా వైద్య సంఘ పత్రికలో ప్రకటించినది మిక్కిలి ప్రసిద్ధమైనది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులు, శస్త్రచికిత్స పొందిన 2,32,342 మంది రోగులు - ఇదీ దాని విస్తృతి. నర్సుకు ఒక్క రోగి అదనంగా చేరితే 30 రోజులలోపు మరణావకాశం 7 శాతం హెచ్చుతున్నదని తేలినది. నలుగురికి బదులు ఎనిమిది మందిని చూడవలసి వస్తే ఆ హెచ్చు 28 కాదు, 31 శాతం. చక్రవడ్డీ తెలిసిన విద్యార్థి సరిచూసుకోవచ్చును. 2014లో తొమ్మిది ఐరోపా దేశాలలో జరిపిన పరిశీలనలోనూ అదే 7 శాతం వచ్చినది.

ఐతే 2002 నాటి వ్యాసంలో నర్సుల భారాన్ని ఆసుపత్రి మొత్తానికి సగటు కట్టారు. పగలూ రాత్రీ, మామూలు వార్డూ ప్రమాదస్థితి వార్డూ అందులో కలిసిపోయినవి. అడ్డతీగల వంటి మన్యసీమలో దీనిని చదివే ఉపాధ్యాయునికి ఈ లోపం వెంటనే తోచగలదు.

రాత్రి నేలపై నిద్రించే మనిషిని కట్లపాము కరచినదనుకొందాం. కాటు చోట నొప్పి, వాపు అంతగా ఉండవు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలుతాయి. పిదప మింగుడు పడదు, ఊపిరి కండరాలు సడలుతాయి. విషానికి విరుగుడు మందు ఎక్కించేటప్పుడు అది పడక రక్తపు పోటు దిగజారవచ్చును. కనుక నాడి, పోటు, శ్వాస మాటిమాటికీ చూడవలసి ఉంటుంది. పావుగంటకొకసారి, సారికి ఐదు నిమిషాల చొప్పున వేసుకొన్నా ఒక్క రోగికి గంటలో 20 నిమిషాలు. అటువంటివారు ముగ్గురుంటే గంట నిండినట్లే. మందు కలపడానికీ, కేసు షీటు రాయడానికీ క్షణం మిగలదు. ఇంటెన్సివ్ కేరుకూ సాధారణ వార్డుకూ నడుమనుండే హై డిపెండెన్సీ వార్డులో ఇద్దరు రోగులకొక నర్సు ఉండాలన్న బ్రిటన్ ప్రమాణం ఇటువంటి లెక్కతో సులభంగా బోధపడుతుంది.

ఆ ప్రమాణాన్నీ జాగ్రత్తగా చదవాలి. నాలుగు పడకలకు ఇద్దరు నర్సులంటే, రేయింబవళ్లూ ఇద్దరు. వారానికి 168 గంటలు, ఇద్దరికి 336. మనిషికి 48 గంటలైతే ఏడుగురు కావాలి. సెలవులకూ శిక్షణకూ 30 శాతం కలిపితే తొమ్మిది మందికి పైమాటే. రిజిస్టరులో ఆరు పేర్లు చూసి తృప్తిపడే అధికారి ఈ గుణకారం చేయలేదన్నమాట!

కొండ ప్రాంతంలో మరొక చిక్కు. రోగిని రంపచోడవరానికో రాజమహేంద్రవరానికో తరలించేటప్పుడు నర్సు వెంట వెళ్లితే, ఇద్దరున్న వార్డులో రెండవ నర్సుపై భారం ఆమె తిరిగివచ్చేవరకూ రెట్టింపవుతుంది. ఐకెన్ పట్టికలలో ఈ ప్రయాణానికి గడి లేదు. మన ప్రాంతానికి పనికివచ్చే పరిశోధన ఎవరైనా చేయదలచితే ముందుగా చూడవలసినవి రాత్రి డ్యూటీ పుస్తకాలు: ఏ గంటలో ఎందరు రోగులు, మంచాల దగ్గర నిజంగా ఎందరు నర్సులు, అంబులెన్సులో ఎవరు.