క్లబ్బు నడపడమంటే

వరల్డ్ గోల్ఫ్ టూర్ ఆన్‌లైన్ ఆటలో సెయింట్ ఆండ్రూస్, పెబుల్ బీచ్ లాంటి అసలు మైదానాల ఫొటోల మీదే బంతి కొట్టాలి. ఆట సంగతి అటుంచండి, అందులో ఆటగాళ్లు జట్టుగా చేరే కంట్రీ క్లబ్ నడిపేవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. పైసా జీతం లేదు.

టోర్నమెంటు పెట్టాలంటే ఏ కోర్సు, గాలి ఎంత, గ్రీన్ (కప్పు చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వేగమెంత అన్నది ముందే తేల్చుకోవాలి. గ్రీన్ మరీ జారుడుగా పెడితే కొత్తవాడు మెల్లగా తోసిన బంతి కూడా కప్పు పక్కనుంచి దొర్లుకుంటూ అవతలి అంచుకు పోతుంది. రెండుసార్లు అలా అయితే మూడోసారి వాడు రాడు. నెమ్మదిగా పెడితే ఆరితేరిన ‘లెజెండ్’ స్థాయివాళ్లు ఆవులిస్తారు. అందుకే తెలిసినవాడు పోటీలు స్థాయిలవారీగా విడివిడిగా పెడతాడు.

కావాలని చెత్తగా ఆడి కింది స్థాయిలోనే దాక్కునే ఘనులూ ఉంటారు! వాళ్లను పసిగట్టి, నలుగురిలో పరువు తీయకుండా చాటుగా మెసేజ్ పెట్టడం నిజమైన పనితనం. ఇక మంచి నిర్వాహకుడు చాన్నాళ్లుగా కనబడని సభ్యుణ్ణి, ఒంట్లో బాగోలేదేమో కనుక్కోకుండా తీసేయడు, ఆ చోటు కోసం ఎవరు కాచుక్కూర్చున్నా సరే.