వెన్ను వంగని నృత్యం: చంద్రలేఖ

1952లో నర్తకి చంద్రలేఖ అరంగేట్రం జరిగింది. రాయలసీమ కరవు సహాయనిధి కోసం పెట్టిన ప్రదర్శన అది. ‘మథురానగరిలో’ అనే తెలుగు పాటకు ఆమె అభినయం పడుతోంది. యమున పొంగులు, జలక్రీడలు, నీళ్లు చిమ్ముకునే చెలులు. చేతులు అలలను చూపిస్తుంటే కళ్ల ముందు మాత్రం పత్రికల్లో చూసిన ఫొటోలు మెదిలాయి: నెర్రెలిచ్చిన నేల, చిన్న చిన్న డబ్బాలు పట్టుకుని నీళ్ల కోసం బారులు తీరిన మన సీమ జనం. ఆట ఆగలేదు గానీ, ఆ క్షణం ఆమెను జీవితాంతం వదల్లేదు. వేదిక మీది నీళ్లకూ ఊళ్లోని దాహానికీ మధ్య నర్తకి ఎక్కడ నిలబడాలి? ఆమె తర్వాత చేసిన పనంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగిందని నా నమ్మకం.

మహారాష్ట్రలోని వాడాలో 1928లో గుజరాతీ కుటుంబంలో పుట్టిన చంద్రలేఖ, లా చదువు మధ్యలో వదిలేసి మద్రాసు వచ్చి కాంచీపురం ఎల్లప్ప పిళ్లై దగ్గర భరతనాట్యం నేర్చుకుంది. పేరొచ్చాక వేదికకు దూరమై చాలా ఏళ్లు రచనలు, పోస్టర్లు, స్త్రీల ఉద్యమాలతో గడిపింది. 1982లో ఆమె మీద రాజద్రోహం కేసు కూడా పెట్టారు. తర్వాత అది నిలవలేదు. 1985లో ‘ఆంగిక’తో కొరియోగ్రాఫర్‌గా తిరిగొచ్చేసరికి ఆమె నృత్యంలో దేవుడి కథ లేదు, నాయిక విరహం లేదు, నగలు లేవు. యోగాసనం, కేరళ యుద్ధవిద్య కళరిపయట్టు, భరతనాట్యపు అడవు కదలికలు, ఈ మూడూ ఒకే శరీరంలోంచి పుట్టినవని చూపించింది.

ఎలా చూపించిందో తెలియాలంటే అరమండి దగ్గర ఆగాలి. కూచిపూడి నేర్చుకునే పిల్లలకూ ఇది మొదటి పాఠమే. మడమలు దగ్గరగా, పాదాలు పక్కలకు తిప్పి, మోకాళ్లు విచ్చి సగం కూర్చోవడం. బరువంతా తొడల మీద పడుతుంది, వెన్ను మాత్రం నిటారుగా ఉండాలి. మామూలు కచేరీలో ఈ భంగిమ మీదుగా జతులు పరుగెడతాయి, చూసేవాళ్ల కళ్లు చేతుల మీదా ముఖం మీదా ఉంటాయి. చంద్రలేఖ ఆ పరుగు ఆపేసింది. నర్తకులను అందులోనే నిలబెట్టి, ఊపిరి తీసి వదిలేంత నిదానంగా కదిలించింది. అలా నిలిపితే తొడల్లో సన్నని వణుకు పుడుతుంది, నడుము కింద బలం ఎక్కడుందో కనిపిస్తుంది. కళరిలో గజ వడివు, సింహ వడివు అనే భంగిమలు పట్టే యోధుడు కూడా ఇలాగే నేలకు దగ్గరగా దిగి అక్కడి నుంచే ఎగురుతాడు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే చుట్టరికం చెప్పకుండానే తెలుస్తుంది.

ఆమెది ఆధునికత కాబట్టి సంప్రదాయాన్ని కాదందని కొందరు నొచ్చుకున్నారు. నేను ఒప్పుకోను. వేరు దాకా తవ్వినవాళ్లను చెట్టుకు శత్రువులనడం అన్యాయం. భాస్కరాచార్యుడి గణితాన్ని ‘లీలావతి’ నృత్యంగా ఆడించడానికి ఎంత పాతను ప్రేమించి ఉండాలి!

ఆమె ‘శ్రీ’ అనే రచనలో స్త్రీలు నడుము వంచి, వంగిన వెన్నుతోనే వేదికంతా మెల్లగా నడుస్తారు. ఏడుపు అభినయం లేదు. ఆ నడక చాలు, తరతరాల అణచివేత మనకు అందుతుంది. చివరికి వెన్నులు నిటారవుతాయి, వాళ్లంతా కలిసి అనేక బాహువుల శక్తిరూపంగా నిలుస్తారు. ముఖంలో పలకాల్సిన భావాన్ని వెన్నెముకతో పలికించడం ఆమె మన నాట్యానికి చేసిన పెద్ద మేలు.

చివరి రచన ‘శరీర’ 2001లో వచ్చింది. గుండేచా సోదరుల ధ్రుపద్ సాగుతుండగా ఒక స్త్రీ, ఒక కళరి కళాకారుడు. కామాన్ని సిగ్గుతో దాచకుండా, సరుకుగా అమ్మకుండా, సృష్టిశక్తిగా చూపిన రచన అది. 2006 డిసెంబరు 30న ఆమె చెన్నైలో కన్నుమూసింది. ‘శరీర’లో ఆడిన కవయిత్రి తిషానీ దోషి ఆ తర్వాతా దాన్ని ప్రదర్శిస్తూ వచ్చింది. చంద్రలేఖ బృందంలో పనిచేసిన పద్మిని చెట్టూర్ సొంత దారి వేసుకుని, భరతనాట్యపు అలంకారాన్ని ఇంకా వడకట్టి, కదలికను మరింత నెమ్మదిగా పరీక్షిస్తోంది.